పసిబిడ్డ రోజువారీ లెక్క ఎందులో రాసుకోవాలి: ఫోన్ యాప్, డైరీ, విడి కాగితాలు, లాంగ్ నోట్‌బుక్

మా పెద్దమ్మాయి పుట్టిన ఐదో రోజున పిల్లల డాక్టరు గారు బరువు తూచి, కళ్లూ ఒళ్లూ పరీక్షించి, ముందుగా ఒక్కటే అడిగారు: నిన్న ఉదయం నుంచి ఇప్పటివరకు బిడ్డ ఎన్నిసార్లు మూత్రం పోసింది? ఆ గదిలో నాతోపాటు మా అమ్మ, మా వారు, మా అత్తమ్మ ఉన్నారు. అమ్మ ఐదారు సార్లన్నది, మా వారు మూడన్నారు, అత్తమ్మ రాత్రి తాను మార్చిన రెండు గుడ్డల సంగతి మాత్రమే చెప్పగలిగారు, నేను పగలు కునుకు తీసిన గంటల్లో ఏం జరిగిందో నాకు తెలియదు. ఎవరూ అబద్ధం చెప్పలేదు, ఎవరికి కనబడినంత వారు చెప్పారు. బిడ్డ బరువు పుట్టినప్పటికంటే తగ్గి ఉంది. పాలు సరిపోతున్నాయో లేదో తేల్చడానికి డాక్టరు గారికి కావలసిన అంకె మాత్రం మా నలుగురిలో ఎవరి దగ్గరా లేదు.

ఆ సాయంత్రమే మా వారు నల్లకుంటలో మా వీధి చివరి దుకాణం నుంచి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి తెచ్చారు. ఆ తర్వాత మా రెండో బిడ్డకు, మా చెల్లెలికి పుట్టిన కవలలకు కలిపి ఫోన్ యాప్, తారీఖుల డైరీ, విడి కాగితాలు, వైట్‌బోర్డు అన్నీ వాడి చూశాం. ఇప్పుడు బంధువుల్లో ఎవరికి కాన్పు అయినా ఏది మంచిదని నన్ను అడుగుతుంటారు. నేను తిరిగి అడిగేది ఒక్కటే: బిడ్డ రోజుకు ఎంతమంది చేతులు మారుతుంది? హైదరాబాద్‌లో చాలా ఇళ్లలో తొలి కాన్పుకు అమ్మాయి పుట్టింటికి వస్తుంది, పురుడు నాటికి అత్తగారు వస్తారు, భర్త మాదాపూర్‌లో రాత్రి షిఫ్టు చేసి పగలు బిడ్డ దగ్గర కూర్చుంటాడు, స్నానం చేయించడానికి ఒక ఆయమ్మ వస్తుంది. రోజు మొత్తాన్ని చూసిన మనిషి ఒక్కరూ ఉండరు. కాబట్టి ఎంచుకునే సాధనం అందరికీ అందేది, అందరూ రాయగలిగేది అయి ఉండాలి. మిగిలిన గుణాలన్నీ దాని తర్వాతే.

ముందుగా ఏం రాయాలో తేల్చుకోవాలి

ఏం రాయాలో తెలియకపోతే ఎందులో రాసినా ఉపయోగం ఉండదు. మొదటి రెండు వారాల్లో తప్పకుండా రాయవలసినవి నాలుగే: పాలు పట్టిన సమయం, మూత్రం, విరేచనం దాని రంగుతో సహా, వేసిన మందు. అప్పుడే పుట్టిన బిడ్డ 24 గంటల్లో 8 నుంచి 12 సార్లు పాలు తాగాలి. మూత్రం లెక్క గుర్తుంచుకోవడం తేలిక. మొదటి రోజున కనీసం ఒకసారి, రెండో రోజున రెండుసార్లు, అలా పెరుగుతూ పోయి ఐదో రోజు దాటాక రోజుకు ఆరుసార్లు, అంతకు మించి పోయాలి. విరేచనం మొదటి ఒకటి రెండు రోజులు తారులా నల్లగా, జిగటగా ఉంటుంది, తర్వాత ఆకుపచ్చగా మారి, తల్లి పాలు తాగే బిడ్డకు ఐదో రోజుకల్లా పసుపు రంగుకు వస్తుంది. ఐదో రోజు దాటినా నల్లగానే ఉంటే పాలు సరిగా అందడం లేదేమోనని అనుమానించాలి. తెల్లగా, సున్నపు పిండిలా ఉంటే మాత్రం అది కాలేయం, పిత్తనాళాల సమస్యకు సూచన కావచ్చు కనుక, ఆ రోజే డాక్టరుకు చూపించాలి. రంగు కూడా రాయమని నేను పట్టుబట్టేది ఇందుకే.

బరువు రోజూ తూచనక్కరలేదు. పుట్టిన తొలి రోజుల్లో బిడ్డ కొంత బరువు తగ్గడం సహజం, పది శాతానికి మించితే మాత్రం వెంటనే చూపించాలి, రెండు వారాలకల్లా పుట్టినప్పటి బరువుకు తిరిగి రావాలి, ఆపైన రోజుకు సుమారు 20 నుంచి 30 గ్రాముల చొప్పున పెరగాలి. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ తూచిన బరువు, ఏ తూకం మీద తూచారు, బట్టలతోనా బట్టలు లేకుండానా అన్నవి నోట్‌బుక్ మొదటి పేజీలో ఒక వరుసగా రాసుకుంటే చాలు. పుట్టిన సమయం, పుట్టినప్పటి బరువు, ఇంటికి పంపిన రోజు బరువు, బ్లడ్ గ్రూపు కూడా ఆ పేజీలోనే ఉండాలి. జనన నమోదు 21 రోజుల్లోగా జరగాలి కనుక ఆ గడువు తారీఖును కూడా నేను అక్కడే రాసిపెట్టాను.

నిద్ర నిమిషాలతో సహా రాయవద్దని నా సలహా. మొదటి నెలలో బిడ్డ నిద్రకు ఒక క్రమం ఉండదు, దాన్ని గీసుకుంటూ కూర్చుంటే తల్లికి ఆందోళన మిగులుతుంది తప్ప మరేమీ తేలదు.

ఫోన్ యాప్

యాప్‌ను తక్కువగా చూడవలసిన పని లేదు. లెక్కలు అదే కూడుతుంది, పాలు పట్టిన వ్యవధి అదే కొలుస్తుంది, గ్రాఫు గీసి చూపిస్తుంది, ఆఫీసులో ఉన్న తండ్రికి కూడా తన ఫోన్‌లో కనిపిస్తుంది. తల్లిదండ్రులిద్దరే బిడ్డను చూసుకునే ఇంట్లో, ఇద్దరికీ ఫోన్ మీద వేళ్లు వేగంగా నడిచే చోట, నేను యాప్‌నే మొదట చెబుతాను. ప్రసూతి సెలవు 26 వారాలు ముగిసి ఉద్యోగానికి తిరిగి వెళ్లే తల్లి పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టి వెళ్తున్నప్పుడు, ఏ సీసా ఏ రోజుది, ఎన్ని మిల్లీలీటర్లు అన్న లెక్కకు కూడా యాప్ బాగా పనికొస్తుంది.

మా ఇంట్లో అది నిలబడకపోవడానికి కారణం సాదాసీదాది. యాప్ నా ఫోన్‌లో ఉంది, ఫోన్ నా దగ్గర ఉంది, బిడ్డ మాత్రం మా అమ్మ ఒడిలో ఉంది. అమ్మ గుడ్డ మార్చి, నేను నిద్ర లేచాక చెబుదామనుకునేది. నేను లేచేసరికి రెండు మార్పులు ఒకటిగా మారిపోయేవి. అదీగాక రాత్రి రెండు గంటలకు జీరో బల్బు వెలుతురులో ఫోన్ తెరిస్తే ఆ వెలుగుకు బిడ్డ కళ్లు విప్పేది, నా కళ్లు మెసేజీల మీదికి పోయేవి, పది నిమిషాల్లో పడుకోవలసిన దాన్ని అరగంట మెలకువగా ఉండేదాన్ని. చాలా యాప్‌లు ఇంగ్లిష్‌లో ఉండడం, బిడ్డ వివరాలు ఏదో కంపెనీ దగ్గరికి చేరడం కూడా ఆలోచించవలసిన విషయాలే.

కొందరు యాప్‌కు బదులు ఇంట్లోవాళ్లతో వాట్సాప్ గ్రూపు పెట్టుకుంటారు. లెక్క రాయడానికి అది ఎంతమాత్రం సరిపోదు. బిడ్డ ఫొటోలు, శుభోదయాలు, దీవెనల మధ్య ‘3.20కి పాలు’ అన్న ఒక్క వాక్యాన్ని ఎవరూ తిరిగి వెతకలేరు. అయితే విరేచనం రంగు అనుమానంగా ఉన్నప్పుడు పగటి వెలుతురులో తీసిన ఒక ఫొటో డాక్టరుకు ఎన్ని మాటలకన్నా బాగా చెబుతుంది. ఫోన్‌ను ఆ పనికి ఉంచుకోవాలి.

డైరీ, బొమ్మల రికార్డు పుస్తకం, వైట్‌బోర్డు

ఏటా జనవరిలో బ్యాంకులు, కంపెనీలు ఇచ్చే తారీఖుల డైరీ దాదాపు ప్రతి ఇంట్లో ఒకటి ఖాళీగా ఉంటుంది. ఖర్చు లేదు, అట్ట గట్టిది, తారీఖు ముందే అచ్చయి ఉంటుంది. కానీ దాని పేజీ చిన్నది, గీతలు ఇరుకు. పన్నెండు సార్లు పాలు, ఎనిమిది మూత్రాలు, నాలుగు విరేచనాలు ఒక్క పేజీలో రాస్తే మర్నాడు మన అక్షరాలు మనకే అర్థం కావు. ఆదివారానికి సగం పేజీ ఇచ్చే డైరీలైతే మరీ ఇబ్బంది, పసిబిడ్డకు ఆదివారం సెలవు ఉండదు కదా. ఆరు వారాల తర్వాత, రాయవలసింది తగ్గాక, డైరీ చక్కగా సరిపోతుంది.

బహుమతిగా వచ్చే రంగుల బేబీ రికార్డు పుస్తకాలు జ్ఞాపకాల కోసం చేసినవి. తొలి నవ్వు, పాదముద్ర, తొట్టెలలో వేసిన నాటి ఫొటో అందులో ఉండాలి. పాలచుక్కలు, నూనె మరకలు పడే రోజువారీ లెక్కను అందులో రాయడానికి చేయి రాదు, అందుకే ఆ పుస్తకాల్లో మొదటి నాలుగు పేజీలు మాత్రమే నిండి ఉంటాయి.

వైట్‌బోర్డు ఒక్క ప్రశ్నకు బాగా జవాబిస్తుంది: చివరిసారి పాలు ఎప్పుడు పట్టారు? గదిలోకి వచ్చిన ప్రతి ఒక్కరికీ అది కనిపిస్తుంది. అయితే చెరిపేస్తే నిన్నటి లెక్క పోతుంది, డాక్టరు దగ్గరికి బోర్డును తీసుకెళ్లలేం. గోడమీది పంచాంగం క్యాలెండర్‌ను మాత్రం నేను వదులుకోను. ఆసుపత్రికి తిరిగి రమ్మన్న తారీఖు, టీకాల తారీఖులు, ఆశా కార్యకర్త వచ్చే రోజులు దాని మీద రాస్తే ఇంట్లో పాలవాడి లెక్కతోపాటు అందరి కళ్లా పడతాయి. ఆసుపత్రిలో కాన్పు అయిన బిడ్డను చూడడానికి ఆశా కార్యకర్త ఇంటికి రావలసిన రోజులు 3, 7, 14, 21, 28, 42. ఆవిడ వచ్చినప్పుడు ముందు పెట్టడానికి మన రాత ఉంటే, ఆ పది నిమిషాల సందర్శనలో పని ఎంతో జరుగుతుంది.

ఇక్కడే ఒక మాట. ప్రభుత్వం ఇచ్చే తల్లీబిడ్డల రక్షణ కార్డు, అంటే ఎంసీపీ కార్డు, వీటిలో దేనికీ పోటీ కాదు. టీకాలు, బరువు, ఎదుగుదల గీత అందులోనే ఉండాలి. పుట్టిన వెంటనే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, 24 గంటల్లోగా వేసే హెపటైటిస్ బి, ఆపైన 6, 10, 14 వారాలకు వేసే టీకాలు అన్నీ ఆ కార్డులో నమోదు కావాలి. ప్రైవేటు ఆసుపత్రి వాళ్లు వేరే పుస్తకం ఇచ్చినా, ఆ కార్డును నోట్‌బుక్ అట్టలోనే పెట్టి ఉంచండి.

విడి కాగితాలు

నిజమైన పోటీ విడి కాగితాలకు, లాంగ్ నోట్‌బుక్‌కు మధ్యనే. మా చెల్లెలి కవలల కోసం మా మరిది కంప్యూటర్‌లో గడులు గీసి, అమీర్‌పేటలో కోచింగ్ సెంటర్ల పక్కన ఉండే జిరాక్స్ దుకాణంలో వంద కాపీలు తీయించుకొచ్చాడు. రోజుకు ఒక కాగితం, ఎడమ వైపు గంటలు, పక్కన పాలు, మూత్రం, విరేచనం, మందు గడులు. ఆ కాగితాన్ని పరీక్షలకు తీసుకెళ్లే అట్టకు క్లిప్పుతో బిగించి మంచం పక్కన వేలాడదీశారు. గడి ముందే ఉంటుంది కనుక రాసేవాళ్లు ఆలోచించవలసిన పని లేదు, గీత గీస్తే చాలు. డాక్టరు దగ్గరికి మూడు రోజుల కాగితాలు తీసుకెళ్తే ఆయన పక్కపక్కన పరిచి ఒక్క చూపులో చూడగలరు. మొదటి రెండు వారాలకు ఇంతకంటే మంచి పద్ధతి నాకు కనిపించలేదు.

దీని లోపం తర్వాత తెలుస్తుంది. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగిరిపోతాయి, పాతవి ఒకచోట ఉండవు, పన్నెండో రోజు కాగితం మీద ఎవరో కూరగాయల లెక్క వేస్తారు. తీసిన కాపీలు అయిపోయిన రోజున మళ్లీ జిరాక్స్‌కు వెళ్లే తీరిక ఎవరికీ ఉండదు, రాయడం అక్కడితో ఆగిపోతుంది. అందుకే విడి కాగితాలు ఎంచుకునేవాళ్లు రెండు రంధ్రాల ఫైలు ఒకటి కూడా కొని, ప్రతి ఉదయం నిన్నటి కాగితాన్ని అందులో గుచ్చే బాధ్యత ఒక్కరికే అప్పగించాలి.

లాంగ్ నోట్‌బుక్

నా చేతికి అలవాటైనది ఇదే కనుక దీని గురించి కాస్త ఎక్కువగా చెబుతాను. కోఠిలోనో బేగంబజార్‌లోనో డజను చొప్పున కొనవలసిన అవసరం లేదు, 200 పేజీల గీతల నోట్‌బుక్ ఒక్కటి చాలు. రోజుకు ఒక పేజీ వాడితే ఆరు నెలలు దాటి వస్తుంది. స్పైరల్ వేసినది కొంటే పేజీ వెనక్కి మడిచి ఒక చేత్తో రాయవచ్చు, ఎందుకంటే రాసే వేళకు రెండో చేతిలో బిడ్డ ఉంటుంది. కుట్టు వేసిన నోట్‌బుక్ అయితే మొదట్లోనే మధ్యకు గట్టిగా వంచి పడుకునేలా చేయాలి. అట్ట గట్టిదై ఉండాలి, మంచం మీద పెట్టి రాయాలి కదా. జెల్ పెన్ను వద్దు, తడి చేయి తగలగానే అలుక్కుపోతుంది. బాల్ పెన్ను నయం, పెన్సిల్ ఇంకా నయం. ఏదైనా సరే, బ్యాంకు కౌంటర్లో కట్టినట్లు నోట్‌బుక్‌కు దారంతో కట్టేయాలి. పెన్ను వెతుక్కోవలసి వచ్చిన ప్రతిసారీ ఒక గడి ఖాళీగా మిగిలిపోవడం నేను చూశాను.

మా రెండో బిడ్డ తొమ్మిదో రోజు పేజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. పైన తారీఖు, పక్కన ‘9వ రోజు’. స్కేలు లేకుండా గీసిన ఐదు నిలువు గీతలు. ఉదయం 6.10, ‘ఎ’, అంటే ఎడమ వైపు పాలు, మూత్రం గడిలో ఒక గీత. 8.05, ‘కు’, మూత్రం గీత, విరేచనం గడిలో ‘పసుపు’. 9.30కి ఆయమ్మ స్నానం చేయించి పెట్టిన చుక్క. 10.15, 11.50, మధ్యాహ్నం 1.30. ఆ తర్వాత వరుస ఖాళీ, మళ్లీ రాసింది 6.20కి, మా అమ్మ చేతిరాతలో. ఆ మధ్యాహ్నం ఊరి నుంచి చుట్టాలు వచ్చారు. బిడ్డ ఒకరి ఒడి నుంచి ఇంకొకరి ఒడికి మారుతూ అలాగే నిద్రపోయింది, నేను పాలు పట్టానని అమ్మ, అమ్మ లేపి ఇచ్చిందని నేను అనుకున్నాం. గుడ్డ మార్చి గీత గీయబోయిన అమ్మ పైన వరుస చూసి, ఐదు గంటలు కావస్తోందని గమనించి బిడ్డను లేపింది. రెండు వారాల లోపు బిడ్డ, ఇంకా పుట్టినప్పటి బరువుకు రానిది, అంతసేపు పాలు లేకుండా నిద్రపోకూడదు. ఆ గదిలో ఉన్న మా అందరి జ్ఞాపకం కంటే ఆ ఖాళీ వరుసే ముందు చెప్పింది.

గడుల్లో తెలుగు పదాలు రాయాలా, గుర్తులు పెట్టాలా అన్నది ఇంటిని బట్టి ఉంటుంది. మా ఆయమ్మకు చదువు రాదు, కానీ అంకెలు, గడియారం తెలుసు. ఆవిడ కోసం మూత్రానికి నిలువు గీత, విరేచనానికి సున్న, పాలకు అడ్డగీత పెట్టుకున్నాం. ఉర్దూ మాత్రమే చదవగల ఆయమ్మ ఉన్న మా ఎదురింటివాళ్లకు కూడా ఇదే పద్ధతి కుదిరింది. బిడ్డ తాగిన పాలను లెక్కపెడితే దిష్టి తగులుతుందని మా అత్తమ్మ మొదట్లో బాధపడ్డారు. ఆమె మాట తీసేయకుండా పాల గడి నేను రాస్తానని, గుడ్డలు మార్చిన గీతలు మాత్రం మీరే గీయాలని అడిగాను. మూడో రోజుకల్లా మా అందరికన్నా క్రమం తప్పకుండా గీసింది ఆమే.

ఏ వైపు పాలు పట్టారో గుర్తుంచుకోవడానికి మన ఇళ్లలో పాత ఉపాయం ఉంది, జాకెట్టుకు పిన్నీసు పెట్టుకోవడమో, గాజును ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకోవడమో. దాన్ని మానుకోనక్కరలేదు, రాత్రి అదే వాడి, తెల్లవారాక నోట్‌బుక్‌లోకి ఎక్కించుకోవచ్చు.

గుడ్డలు కడుతున్నారా, డైపర్ వేస్తున్నారా అన్నది పేజీ పైనే రాయాలి. గుడ్డ కట్టినప్పుడు పోసిన ప్రతిసారీ తెలుస్తుంది. డైపర్‌లో రెండు మూడుసార్లు పోసినా ఒక్కసారిగానే కనిపించవచ్చు. పగలు గుడ్డలు, రాత్రి డైపర్ వాడే ఇళ్లలో ఈ తేడా రాయకపోతే లెక్క తప్పుతుంది. ఏప్రిల్, మే నెలల్లో పుట్టిన బిడ్డకు ఈ గడి మరీ ముఖ్యం. హైదరాబాద్ ఎండలకు బిడ్డ పాలు మరింత తరచుగా అడుగుతుంది, మూత్రం తగ్గితే ముందు ఈ గీతల్లోనే తెలుస్తుంది. ఎండలు ఎంతగా ఉన్నా ఆరు నెలలు నిండేవరకు తల్లి పాలు తప్ప మంచినీళ్లు కూడా పట్టకూడదు. ఎవరైనా ప్రేమకొద్దీ తేనె నాకిస్తే, ఉగ్గుగిన్నెతో ఏదైనా పోస్తే, వారిని నొప్పించకుండానే ఆ సంగతి సమయంతో సహా రాసిపెట్టాలి. ఏడాది లోపు బిడ్డకు తేనె ప్రమాదకరం కనుక డాక్టరుకు ఆ మాట తెలియాలి.

మందు గడిని ఎర్ర పెన్నుతో రాయమని గట్టిగా చెబుతాను. బిడ్డకు రోజూ వేసే విటమిన్ డి చుక్కలు సాధారణంగా 400 యూనిట్లు. కానీ మందుల దుకాణాల్లో ఒక మిల్లీలీటరుకు 400 యూనిట్లు ఉన్నవీ, 800 యూనిట్లు ఉన్నవీ దొరుకుతాయి. సీసా మీది అంకె, వేయవలసిన మిల్లీలీటర్లు రెండూ మొదటి పేజీలో రాసి, వేసిన వెంటనే ఎర్రగా టిక్కు పెట్టాలి. ఉదయం తల్లి వేసింది తెలియక సాయంత్రం అమ్మమ్మ మళ్లీ వేయడం ఇళ్లలో జరిగే పొరపాటే, దాన్ని ఆపగలిగేది ఆ టిక్కు ఒక్కటే. జ్వరం చూసినప్పుడు సమయం, అంకె, చంకలో చూశారా అన్నది రాయాలి. మూడు నెలల లోపు బిడ్డకు 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్, అంతకు మించి ఉంటే నోట్‌బుక్‌లో రాసి ఊరుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. ఒళ్లు చల్లబడి 97.7 కంటే తగ్గితే వెంటనే తల్లి ఎదకు ఆనించి వెచ్చగా కప్పాలి, అప్పటికీ పెరగకపోతే, బిడ్డ పాలు తాగకుండా మందకొడిగా ఉంటే అప్పుడూ ఆసుపత్రికే.

పేజీ చివర తల్లికి ఒక వరుస ఉంచాలి. బాలింత 180 రోజులు వేసుకోవలసిన ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర, ఆ రోజు వరసగా నిద్రపోయిన గంటలు. బిడ్డ లెక్క రాసే హడావిడిలో నా మాత్రలు మూడు వారాలు మరిచిపోయాను. రెండో కాన్పుకు ఈ వరుస చేర్చింది మా అమ్మ.

రోజు ఎప్పుడు మొదలవుతుంది?

యాప్‌కు ఈ చిక్కు లేదు, చేతిరాతకే ఉంది. రాత్రి 12 దాటాక పట్టిన పాలు ఏ తారీఖు కింద రాయాలి? పంచాంగం ప్రకారం సూర్యోదయంతో రోజు మొదలవుతుంది కనుక మా అమ్మకు రాత్రి రెండు గంటలంటే ఇంకా మంగళవారమే. మా వారికి అది బుధవారం. ఇద్దరూ వాళ్ల లెక్కలో రాయడంతో ఒక వారం పేజీల్లో ఒక రోజు 14 సార్లు పాలు తాగినట్లు, మర్నాడు ఏడుసార్లే తాగినట్లు కనిపించి భయపడ్డాం. ఆ తర్వాత అమ్మ పద్ధతినే ఖాయం చేసుకున్నాం: పేజీ ఉదయం 6 గంటలకు మొదలై మర్నాడు ఉదయం 6 గంటలకు ముగుస్తుంది, పైన రెండు తారీఖులూ రాస్తాం, అర్ధరాత్రి దగ్గర ఒక అడ్డగీత గీస్తాం. ఉదయం 6కి ఇంట్లో ఎవరో ఒకరు లేచే ఉంటారు, పాలు కాస్తూ కింద మొత్తం కూడి రాస్తారు, ఫోన్‌తో ఆ పేజీకి ఒక ఫొటో తీస్తారు. నోట్‌బుక్ తడిసినా, పోయినా లెక్క మిగలడానికి అది చాలు.

ఎవరికి ఏది

పుట్టింట్లో నలుగురైదుగురు బిడ్డను ఎత్తుకునే ఇంటికి లాంగ్ నోట్‌బుక్. గీతలు గీసుకునే ఓపిక లేనివాళ్లకు, ఆసుపత్రి నుంచి వచ్చిన మొదటి రెండు వారాలకు విడి కాగితాలు, ఆపైన నోట్‌బుక్. అపార్ట్‌మెంట్‌లో భార్యాభర్తలిద్దరే ఉంటే యాప్, దానికి తోడు మందుల కోసం ఫ్రిజ్ మీద ఒక కాగితం. కవలలైతే యాప్ వద్దనే నా అభిప్రాయం, అర్ధనిద్రలో ఒకరిది ఇంకొకరి పేరు మీద నొక్కడం చాలా తేలిక. నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు ఇద్దరికీ పంచి, రెండు రంగుల పెన్నులు వాడాలి. మా చెల్లెలు ఒక బిడ్డ కాలికి, ఆ బిడ్డ పేజీ పెన్నుకు ఒకే రంగు దారం కట్టింది. నెలలు నిండకుండా పుట్టి, పసిబిడ్డల ప్రత్యేక చికిత్స విభాగం, అంటే ఎన్‌ఐసీయూ, నుంచి ఇంటికి వచ్చిన బిడ్డకు మాత్రం సొంత పద్ధతులు పెట్టుకోవద్దు. అక్కడి నర్సులు రాసే చార్టులో ఉన్న గడులే, అదే వరుసలో, మిల్లీలీటర్లతో సహా నోట్‌బుక్‌లో గీసుకుని, ఇంటికి పంపే ముందు వాళ్లకే ఒకసారి చూపించాలి.

ఎప్పటివరకు రాయాలన్న దానికి నేను పెట్టుకున్న హద్దు 42 రోజులు. ఆశా కార్యకర్త చివరి సందర్శన, ఆరు వారాల టీకాలు ఆ రోజుల్లోనే పడతాయి. అప్పటికి బరువు సరిగా పెరుగుతూ, మూత్రం బాగా పోస్తూ ఉంటే గంటల లెక్క ఆపేసి, మందులు, టీకాలు, బరువు, అనారోగ్యం మాత్రమే రాయవచ్చు. రాయడమే తల్లికి బరువై, ఒక్క గడి ఖాళీ పడితే ఏడుపు వస్తూ ఉంటే అంతకు ముందే ఆ పని ఇంకొకరికి ఇచ్చేయాలి, ఆ ఏడుపు సంగతి డాక్టరుకు చెప్పాలి. మిగిలిన పేజీలు వృథా కావు. నేను ఉద్యోగానికి తిరిగి వెళ్లిన రోజున అదే నోట్‌బుక్‌లో కొత్త పేజీ తిప్పి, ఉదయం పట్టిన పాల సమయం రాసి, దారంతో కట్టిన పెన్నుతో సహా ఆయమ్మ చేతికిచ్చి వెళ్లాను. సాయంత్రం వచ్చేసరికి ఆవిడ గీతలు, సున్నలు వరుసగా ఉన్నాయి.